గద్దపిల్ల మీద నా ఫిర్యాదు

మూతులకు గుడ్డలు కట్టుకొని, ఎవరైనా దగ్గితే వీధి దాటి నడిచిన ఆ రోజుల్లో ఎవరి కోపం వాళ్లకు ఉండేది. ఒకరికి పెళ్లి ఆగిపోయిందని కోపం, ఇంకొకరికి దుకాణం మూతపడిందని కోపం, మా బాపుకు బజార్లో నిలబడి చాయ్ తాగనివ్వడం లేదని కోపం. నాకు మాత్రం ఒక గద్దపిల్ల మీద కోపం. పెద్ద గద్ద మీద కూడా కాదు, ఇంకా సరిగా ఈకలు కూడా రాని దాని పిల్ల మీద. ఇప్పుడు రాస్తుంటే నాకే కొంచెం సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఆ వయసులో మనిషికి తన కోపం ఎప్పుడూ న్యాయంగానే కనబడుతుంది. (ఇప్పటికీ అందులో సగం న్యాయమే అంటాను. ఎందుకంటానో మీరే చూస్తారు.)

మాది కరీంనగర్. నేను ఒక ప్రైవేటు బడిలో పీఈటీని, మా చర్చి సంఘంలో యౌవనస్థుల కూటానికి లీడర్ని. వారమంతా పిల్లలతో కబడ్డీ ఆడించడం, ఆదివారం వాళ్ల అన్నలతో అక్కలతో కీర్తనలు పాడించడం నా పని. ఈ రెండూ కాక నాకు ఇంకో పిచ్చి ఉండేది, బండలెక్కడం. మెట్లున్న గుట్ట ఎక్కడం కాదు. నిటారుగా నిలబడ్డ రాతిబండకు బల్లిలా అతుక్కొని, నడుముకు తాడు కట్టుకొని, వేళ్లకు సుద్దపొడి రాసుకొని, ఎక్కడ ఒక పగులుంది, ఎక్కడ ఒక బుడిపె ఉంది అని తడుముకుంటూ పైకి పోవడం. మాకు ఇది నేర్పింది ఒక డ్రాయింగ్ మాస్టారు. పెళ్లికి పోయినా ఆయన స్కూటర్ ముందర తాడు చుట్ట ఉండేది కాబట్టి అందరూ తాడు సార్ అనేవాళ్లు. మా అవ్వకు (మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం) ఈ విద్య మీద మొదటి రోజు నుంచీ ఒకటే అభిప్రాయం. "దేవుడు మనిషికి కాళ్లిచ్చింది నేల మీద నడువనీకి రా. గోడలు పాకనీకి బల్లులను వేరే చేసిండు గదా" అనేది. "పైకి పోయి ఏం తెస్తవు? పైన ఏమన్న ఉన్నదా?" "ఏం లేదవ్వా." "ఏం లేనికాడికి పోనీకి తాడొకటా!" ఈ మాటకు నేను ఎన్నిసార్లు జవాబు చెప్పబోయినా, ఆమె వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆ ఏడు నాకు బతుకు మొత్తం ఒక పుస్తకంలో ఇరుక్కుంది. హిమాలయాల దగ్గర ఒక శిక్షణ కేంద్రంలో, బండలెక్కడం నేర్పే మాస్టర్లను తయారుచేసే కోర్సు ఒకటి ఉంది. అందులో నాకు సీటు రాసి పెట్టారు. షరతు ఒకటే. అంతకు ముందు నేను తాడుతో ముందుండి ఎక్కిన ఇరవై ఎక్కుళ్లు పుస్తకంలో రాసి, ప్రతిదానికీ కళ్లారా చూసిన గురువు సంతకం పెట్టించి, మార్చి నెలాఖరు లోపల పంపాలి. నావి పంతొమ్మిది అయ్యాయి. ఇరవయ్యోది కనీసం నలభై మీటర్ల బండ మీద ఉండాలి. మా చుట్టుపక్కల అంత ఎత్తు బండ ఒకటే, సుల్తానాబాద్ తొవ్వలో ఉన్న గుట్టకు పడమటి వైపు నిలబడ్డది. మేము దాన్ని ఏనుగుబండ అనేవాళ్లం. ఆ ఒక్కటి ఎక్కితే నేను కబడ్డీ మాస్టర్ని కాకుండా బండల మాస్టర్ని అవుతాను. కలెక్టర్ని కావాలని అడగలేదు కదా, బండల మాస్టర్ని కావాలని అడిగాను!

మొదట కరోనా వచ్చింది. గుట్ట కింద కర్ర పాతి బోర్డు కట్టారు, ఇక్కడ గుమిగూడకూడదని. గుమిగూడడమంటే ఏమిటో ఆ బోర్డు రాసినవాళ్లు మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్లం. మేము ఐదుగురం. ఒకడు పైన వేలాడుతుంటే ఇంకొకడు ముప్పై మీటర్ల కింద తాడు పట్టుకొని ఉంటాడు. మిగతా ముగ్గురు రాళ్లు మీద పడతాయన్న భయంతో ఇంకా దూరంగా ఉంటారు. మాకంటే ఎడం పాటించినవాళ్లు జిల్లాలో లేరు. అదే రోజుల్లో వైన్ షాపు తెరిచిన పొద్దున ఒకరి వీపుకు ఒకరు అతుక్కొని సగం బజారు నిలబడితే, వాళ్లకు గీతలు గీసి, నీడకు పందిరి వేశారు. నేను ఆ పందిరి చూసి ఇంటికొచ్చి అన్నం తినలేదు.

అక్కడ కాకపోతే అడవుల వైపైనా ఎక్కుదామని, కట్టడి కొంచెం సడలగానే నేనూ తాడు సారూ బైకు మీద జైనూర్ అవతలి దాకా పోయాం. అక్కడ ఒక పెద్ద బండ ఉందని ఎవరో చెప్పారు. ఊరి తొవ్వకు అడ్డంగా ముళ్లకంప వేసి, దాని వెనక మంచం మీద తలకు రుమాలు చుట్టుకున్న ఒక ముసలాయన కూర్చున్నాడు. "కశాలా వచ్చిండ్రు బిడ్డా?" అన్నాడు, ఎందుకొచ్చారని, ఆ పక్కవాళ్ల అలవాటు ప్రకారం మరాఠీ కలిపి. కరీంనగర్ నుంచి బండ ఎక్కనీకి వచ్చామన్నాం. ఆయన మా తాడును, మా బూట్లను, మా మొహాలను చూసి, "కరీంనగర్ల బండలు అయిపోయినయా?" అన్నాడు. తాడు సార్ బైకు తిప్పాడు. చలికాలం ముందర మా గుట్ట బోర్డు తీసేశారని తెలిసింది. తెలిసిన నాడే నాకు జ్వరం వచ్చింది, అదే జ్వరం. పద్నాలుగు రోజులు గదిలో, ఆ తర్వాత మెట్లెక్కితే ఆయాసం. ఊపిరి కుదురుకొని తాడు భుజాన వేసుకొని పోయేసరికి అదే కర్రకు కొత్త బోర్డు వేలాడుతోంది: గద్దలు గూడు కట్టే కాలం, పిల్లలు ఎగిరే వరకు ప్రవేశం లేదు. మళ్లీ అడవుల వైపు అడిగితే, ఎండలు ముదురుతున్నాయి, అడవి అంటుకునే కాలం, ఎవరినీ రానివ్వమన్నారు.

నేను చేయగలిగింది ఒక్కటే మిగిలింది. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల నలభై రోజులూ మా సంఘంలో గొలుసు ప్రార్థన ఉంటుంది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, అరగంటకు ఒక ఇల్లు చొప్పున, నలభై ఇళ్లూ వంతులు మార్చుకుంటూ, ఒకరు ఆపగానే ఇంకొకరు అందుకోవాలి, మధ్యలో తెగకూడదు. ఆ ఏడు ముసలివాళ్లను మందిరానికి రావద్దన్నారు కాబట్టి గొలుసు ఫోన్లోకి వచ్చింది. అందరూ ఒకే కాల్‌లో ఉంటారు, వంతు వచ్చినవాళ్లు గట్టిగా ప్రార్థిస్తారు, మిగతావాళ్లు తమ మైకు మూసుకొని వింటారు. (మూసుకోవడం రానివాళ్ల ఇళ్లలో కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో కూడా దేవునికి చేరేది.) మనవులన్నీ ఒక జాబితాగా రాసి పంపుతారు. రోగుల పేర్లు, పరీక్షలు రాసే పిల్లల పేర్లు అయ్యాక, ఏడో నంబరుగా నా మనవి రాయించాను: ఏనుగుబండ తెరవబడాలి. వెంటనే ఫోన్ మోగింది. మా స్త్రీల సమాజానికి పెద్ద, మైకు లేకున్నా చివరి బెంచీ దాకా వినబడే గొంతు ఉన్నందుకు మేమంతా మైకు పెద్దమ్మ అని పిలిచే ఆవిడ.

"బండ తెరువుడేంది బిడ్డా? దానికి తలుపున్నదా?"

సంగతంతా చెప్పాను. ఆవిడ అంతా విని, మర్నాడు తన వంతులో మొదటి మాటే అది ఎత్తుకుంది. "ప్రభువా, గా గద్దలకు వేరే జిల్లాల ఇంక మంచి బండ సూపియ్యి. నీళ్లు దగ్గరున్నది సూపియ్యి. మా పిలగాని తొవ్వ సాఫ్ చెయ్యి." విశ్వాసముంటే కొండలు కదులుతాయని నమ్మేవాళ్లం మేము. కొండను కదిలించమని కూడా అడగలేదు, కాస్త తెరవమని అడిగాం. చిన్న మనవే అనుకున్నాను.

ప్రార్థన ఒక పక్క నడుస్తుంటే నేను రోజూ బోర్డు దగ్గరికి పోయేవాణ్ని, దాన్ని చూసి కోపం తాజా చేసుకోవడానికి. అక్కడ అటవీశాఖ వాచర్ ఉండేవాడు, కరీంనగర్ మనిషే, మా బాపు ఈడు. మేము చాచా అనేవాళ్లం. "నా మీద మండిపడితే ఏమొస్తది బేటా?" అన్నాడు ఒకనాడు. "పిల్లలు ఎగిరినయని నేను రిజిస్టర్‌ల రాయాలె, మా సార్ ఫోన్ల హా అనాలె, గప్పుడు బోర్డు తీస్త. గంతే."

"మరి రాయరాదా చాచా?"

"కండ్లు కనబడాలె గదా! ఎడమ కంట్లె మోతిబిందు పొర. కుడిది దానికి తోడు పోతున్నది. గా పైన గూట్ల పిల్ల ఉన్నదో, పాత తట్ట ఉన్నదో నాకేమెరుక? గీ దుర్బిన్ తీస్కొని నువ్వే సూడు. నువ్వేం చెప్తే గదే రాస్త."

"నేనా? బండ కావాల్సింది నాకు. నన్నే అడుగుతున్నవా?"

"గందుకే. నీకున్న ఫికర్ ఇంకెవలకున్నది? రోజు వస్తవ్. ఇంకోటి, నువ్వు ఈమాన్ ఉన్న పిలగానివి. ఇత్వార్ నాడు మీ మందిరం ముందటికెల్లి పోతుంటె నీ పాట ఇంట. నువ్వు ఝూట్ చెప్తవా ఏంది?"

ఆయన బెదిరించి ఉంటే ఆ రోజే రెండు అబద్ధాలు ఆడి తాడు విప్పేవాణ్ని. వేరే ప్రార్థన చేసుకునే మనిషి వచ్చి, నా ప్రార్థన మీద నమ్మకముంచి దుర్బిన్ చేతిలో పెట్టాడు. ఇంతకంటే అన్యాయంగా మనిషిని కట్టేసే తాడు తాడు సార్ దగ్గర కూడా లేదు.

సరిగ్గా అప్పుడే పక్క గుట్ట మీద ఢామ్మని పేలింది. కాళ్ల కింద నేల వణికింది, బోర్డు కూడా వణికింది. ఆ గుట్టను అప్పటికి మూడేళ్లుగా కోసుకుపోతున్నారు, పెద్ద పెద్ద దిమ్మెలు లారీల మీద గొలుసులతో కట్టి. లాక్‌డౌన్‌లో నెల ఆగి, మనుషుల కంటే ముందు ఆ లారీలే బయటికొచ్చాయి. చాచా దుమ్ము వైపు చూపించాడు. "గీ గద్దలు ఎన్నడు గీ బండకు రాలే బేటా. నేను నౌకరీల చేరిన సంది గా గుట్ట మీదనే ఉండేటివి. గూడున్న బండ లారీల పోయింది. గిప్పుడు గిటొచ్చినయ్, పాపం, ఏడికి పోతయ్?" అంటే నా ఇల్లు ఆక్రమించింది గద్ద కాదు, దాని ఇల్లు ఎవరో ఎత్తుకుపోతే అది నా ఇంటికొచ్చింది. మా ఐదుగురి రబ్బరు బూట్లకు బోర్డు! బండ మీద సుద్దమరక తప్ప ఏమీ మిగల్చని మాకు నిషేధం! ఆ గుట్టను గుట్టగా మింగేసిన లారీలకు తారు రోడ్డు. విశ్వాసం లేకుండానే కొండల్ని కదిలించేవాళ్లు పక్కనే ఉన్నారు, వాళ్లకు ఉపవాసం అక్కర్లేదు, జిలెటిన్ చాలు. నేను చెప్పిన న్యాయమైన సగం కోపం ఇదే. కానీ ఆ లారీలను ఆపడం నా వల్ల కాదు. నా వల్ల అయ్యేది ఎదురుగా ఉన్న చిన్న గుండురాయి ఎక్కి, దుర్బిన్‌లో గూడు చూడడం. కాబట్టి కోపమంతా తిన్నగా గూట్లోకి పోయింది.

గూట్లో రెండు పిల్లలున్నాయి. పెద్దదానికి అన్న అని, చిన్నదానికి తమ్ముడు అని పేరు పెట్టుకున్నాను. అన్న బుద్ధిమంతుడు. మార్చి మధ్యలో ఒక పొద్దున అంచు మీదికొచ్చి, రెక్కలు రెండుసార్లు విదిలించి, దూకేశాడు. నేను గుండు మీద నిలబడి చప్పట్లు కొట్టాను. ఇక తమ్ముడే. తమ్ముడు అంచు దాకా వచ్చేవాడు. రెక్కలు చాచేవాడు. ఇదిగో, ఇప్పుడే అనుకునేంతలో రెక్కలు మడిచి, వెనక్కి జరిగి, గూట్లో కూర్చునేవాడు. తల్లి తొండను పట్టుకొచ్చి ఎదుటి బండ మీద కూర్చొని, ఎగిరి వచ్చి తిను అన్నట్టు చూపించేది. వీడు గూట్లో నుంచే కీక పెట్టేవాడు. కాసేపు చూసి తల్లే ఓడిపోయి తెచ్చి నోట్లో పెట్టేది. పిల్లల్ని చెడగొట్టే తల్లులు గద్దల్లో కూడా ఉంటారని అప్పుడే తెలిసింది. అన్నీ ఉన్నాయి వాడికి, రెక్కలున్నాయి, గాలి ఉంది, తినడానికి తొండ ఉంది, చూడడానికి అన్న ఉన్నాడు. లేనిదల్లా కదలాలన్న బుద్ధి ఒక్కటే.

ఒకనాడు పదకొండింటికి గుండు మీద కూర్చొని చెవుల్లో ఫోన్ పెట్టుకొని గొలుసు ప్రార్థన వింటున్నాను. పదకొండు మా ఇంటి వంతు. లీడర్ని కాబట్టి నేనే చేయాలి గానీ, గుట్ట దగ్గరుంటానని అవ్వకు అప్పగించాను. అవ్వ చక్కగా మొదలుపెట్టింది. రోగుల పేర్లు ఒక్కటీ మరిచిపోలేదు. టీకాలు అందరికీ అందాలని అడిగింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ప్రభువా, ఇగ ఏడో నంబరు. మా పిలగాడు బండ తెరువుమని అడుగుతుండు. వానికేం చెప్తవో నీ ఇష్టం. గాని తల్లి మాట గూడ జర ఇను తండ్రీ. గా సిన్న గద్దపిల్లను తొందర పెట్టకు. దాని రెక్కలు ఇంక ముదిరినట్టు లేవు. నెలాఖరు దాకనన్న గూట్ల సల్లగ కూసోనియ్యి. దానికేం తక్కువ చెయ్యకు. నా కొడుకు నేల మీద ఉండనియ్యి. ఆమేన్."

నలభై ఇళ్లలో మైకులు తెరుచుకొని ఆమేన్ అని వినబడింది. అలవాటు కొద్దీ నేను కూడా ఆమేన్ అన్నాను. అన్న తర్వాత అర్థమైంది, దేనికి అన్నానో.

బైకు మీద ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. "అవ్వా, నా మీదనే కేసు వేసినవా?" అన్నాను గడపలో నుంచే.

"కేసేంది రా? చెప్పులిడిసి రా."

"నా మనవికి అడ్డం మనవి! గదీ మొత్తం సంఘంతోని ఆమేన్ అనిపిచ్చి!"

"నా వంతు, నా అరగంట, నా నోరు. నువ్వు పైకి పోవాలని నువ్వు అడిగినవ్. కింద ఉండాలని నేనడిగిన. ఇద్దరం ఆయిననే అడిగినం గదా, పక్కింటోళ్లను అడిగినమా?"

బాపు వైపు తిరిగాను. బాపు పేపరు మొహానికి అడ్డం పెట్టుకొని, "నన్ను ఇందుల గుంజకుండ్రి" అన్నాడు.

నేను ఊరుకోలేదు. నేరుగా మా పాస్టర్ అయ్యగారి ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద, నేను వాకిట్లో, మధ్యన ఆరడుగులు, ఇద్దరి మూతులకూ గుడ్డలు. ఒకరి మనవికి ఇంకొకరు ఎదురు మనవి చేయవచ్చా, గొలుసులో ఒక కొక్కెం ఇటు, ఒక కొక్కెం అటు లాగితే గొలుసు ఏమవుతుంది అని నిలదీశాను. "బిగుసుకుంటది" అన్నాడు ఆయన. నేను వాక్యంలో నుంచి నా పక్షాన మూడు సంగతులు ఎత్తిచూపాను. ఆయన మా అవ్వ పక్షాన నాలుగు చూపించాడు. (వాక్యం విషయంలో పాస్టర్‌తో పోటీకి దిగకూడదని పదేళ్లు సండే స్కూల్లో చదివినవాడికి తెలిసి ఉండాలి.) చివరికి, "తమ్మీ, మీ అవ్వ నీకు చెడు కోరిందంటే నేనే అడ్డం పడ్త. ఆమె కోరింది నువ్వు బతకాలని. ఇది కొట్టెయ్యాలె, అది మంజూరు చెయ్యాలె అని పైకి నేనెట్ల చెప్త? నేను ఉత్తరాలు మోసేటోన్ని" అన్నాడు. న్యాయం అడగడానికి పోయి పోస్ట్‌మ్యాన్‌ను కలిసి వచ్చినట్టయింది.

అంతకంటే ఘోరం తర్వాతి వారం జరిగింది. గద్దపిల్ల సంగతి ఇంటింటికీ పాకింది. నేను కాల్‌లోకి రాగానే, "ఎగిరిందా బిడ్డా?" "రెక్కలన్న చాపిందా?" "ఏం తిన్నది ఇయ్యాళ?" అని నలువైపుల నుంచీ అడిగేవాళ్లు. నెలల తరబడి ఇల్లు కదలని ముసలివాళ్లకు అది పొద్దుపోయే వార్త అయింది. మైకు పెద్దమ్మ అయితే ఏడ్చినంత పని చేసింది. "పాపం, అన్న ఎగిరిపాయె, ఒక్కటే అయింది. బుగులు పడ్డట్టున్నది. మనిషికైతే ధైర్యం చెప్తం, దానికెవలు చెప్పాలె?" మర్నాడు పొద్దున వచ్చిన జాబితాలో ఏడో నంబరు చూసి నా కళ్లను నేను నమ్మలేదు: గద్దపిల్ల క్షేమం కొరకు. ఏనుగుబండ లేదు, నేను లేను, నా ఇరవయ్యో ఎక్కుడు లేదు. నా మనవిలోకి కూడా ఆ పక్షే వచ్చి గూడు పెట్టింది!

నెలాఖరు వచ్చింది. ఆఖరి రోజు మధ్యాహ్నం నేను బయల్దేరుతుంటే అవ్వ సర్వపిండి డబ్బాలో పెట్టుకొని బైకు వెనక ఎక్కి కూర్చుంది. "నేను గూడ సూస్త, అదెట్లుంటదో" అంది. నేను బైకు స్టార్ట్ చేశాను. గుట్ట దగ్గర తాడు సార్ అప్పటికే తాడు చుట్ట విప్పి, బూట్లు నీడలో పెట్టి, సంతకానికి కలం జేబులో పెట్టుకొని సిద్ధంగా ఉన్నాడు. పొద్దుగూకడానికి రెండు గంటల ముందర ఎగిరినా చాలు. చాచా రాస్తాడు, వాళ్ల సార్ హా అంటాడు, గంటలో ఎక్కేస్తాను, సార్ సంతకం పెడతాడు, ఫోన్లో ఫొటో తీసి పంపేస్తాను. లెక్కంతా సరిపోయింది, పక్షి ఒక్కటి తప్ప.

గుండు ఎక్కి దుర్బిన్ పెట్టాను. తమ్ముడు అంచు మీద నిలబడి ఉన్నాడు. రెక్కలు చాచాడు. మడిచేశాడు. ఇక నా వల్ల కాలేదు. దుర్బిన్ పక్కన పెట్టి, లేచి నిలబడి, ఆదివారం కూటంలో చెప్పే గొంతుతో మొదలుపెట్టాను. "ఎందుకు భయపడుతున్నవ్? ఆ రెక్కలు నీకు ఎవరిచ్చిండ్రు? గూట్ల కూసోనీకిచ్చిండ్రా? నీ కింద గాలి ఉన్నది, నీకు కనబడది, కనబడనంత మాత్రాన లేదంటవా? ఒక్క అడుగు! నువ్వు అడుగు వెయ్యి, మోసేటాయన మోస్తడు! నీ అన్న ఎగరలేదా? నీ తల్లి ఎగరలేదా? విశ్వాసం లేకనే గదా నువ్వు గాడ కూసున్నవ్!"

కింద నుంచి చాచా గొంతు వినబడింది. "ఎవలతోని మాట్లాడుతుండమ్మా?"

"గద్దకు వాక్యం చెప్తుండు" అంది అవ్వ.

"జల్దీ ముగియ్యమనుండ్రి" అన్నాడు తాడు సార్. "ఎక్కువైతే అది గూడ కునుకు తీస్తది."

గద్దపిల్ల నన్నే చూసింది. తల ఒక పక్కకు వంచి, అరగంట సేపు, మా సంఘంలో ఎవరూ చూడనంత శ్రద్ధగా చూసింది. తర్వాత నిదానంగా వెనక్కి తిరిగి, తోక ఎత్తి, నేను ఎక్కవలసిన దారి పొడుగునా తెల్లగా ఒక గీత గీసి, గూట్లోకి పోయి కూర్చుంది.

దిగి వచ్చి నీళ్లు తాగుతుంటే అవ్వ పక్కకొచ్చి కూర్చుంది. "ఒకటి చెప్త, కోపానికి రాకు కొడుకా" అంది. "పోయిన సోమారం సంది నేను గూడ అది ఎగురాలనే అడుగుతున్న."

"మరి మొదలు అడిగింది?"

"ఎనుకకు తీసుకుంటున్న అని చెప్పిన. నువ్వు అన్నం సక్కగ తింటలేవు, సూడబుద్ధి కాలే." గుట్ట వైపు చూసింది. "కాని మొదలిచ్చిన దరఖాస్తు మొదలే మంజూరైనట్టున్నది రా."

నాకు కోపం రావాలి. రాలేదు. నవ్వు రావాలి, అదీ రాలేదు. పొద్దు గుట్ట మీదికి వంగింది. చాచా రిజిస్టర్ తెరిచి, మోకాలి మీద పెట్టుకొని, కలం మూత తీసి, నా వైపు కాకుండా నేను ఉన్నాననుకున్న వైపు చూశాడు. "ఏం రాయాలె బేటా?"

తాడు సార్ పక్కకు తిరిగి, చుట్టిన తాడునే మళ్లీ విప్పి చుట్టడం మొదలుపెట్టాడు. ఆయనకు చెప్పుకోవడానికి కూడా కోర్సుకు పోయిన శిష్యుడు ఒక్కడు లేడు, నేనే మొదటివాణ్ని అయ్యేవాణ్ని. ఎగిరింది అంటే చాలు, చాచాకు కనబడదు. పిల్ల గూట్లోనే ఉంటుంది, నేను దానికి నాలుగు మూరల పక్క నుంచి ఎక్కిపోతాను, ఎవరికీ ఏమీ కాదు. (ఏమీ కాదా? బెదిరిన పిల్ల రెక్కలు ముదరకుండానే దూకితే ఏమవుతుందో చాచా నాకు మొదటి వారమే చెప్పాడు.) ఆ నిమిషంలో అవ్వ లోపల ఏం అడుగుతోందో నాకు తెలియదు, ఇప్పటిదాకా అడగలేదు.

"ఎగరలే చాచా" అన్నాను.

"పక్కానా?"

"పక్కా. గూట్లనే ఉన్నది. మంచిగ ఉన్నది."

ఆయన రాసుకున్నాడు. తాడు సార్ కలం తీసి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. నలుగురం ఆ సర్వపిండి తిన్నాం. తమ్ముడు పైనుంచి తొండ కోసం కీక పెట్టాడు.

కోర్సు నేను లేకుండానే నడిచింది. తర్వాత నెలలో రెండోసారి అన్నీ మూతపడ్డాయి. మా జాబితాలో కొన్ని పేర్లు రోగుల వరస నుంచి దుఃఖంలో ఉన్న ఇళ్ల వరసలోకి మారాయి, గుట్ట సంగతి ఎత్తడానికి నాకే నోరు రాలేదు. గద్దపిల్ల ఎప్పుడు ఎగిరిందో ఎవరికీ తెలియదు. ఒక రోజు చాచా ఫోన్ చేసి, వాళ్ల సార్ వచ్చి చూశాడట, గూడు ఖాళీగా ఉందట అన్నాడు. నలభై ఇళ్లు ప్రార్థన చేశాయి, ఒక్క మనిషికైనా కనబడి పోవాలన్న మర్యాద దానికి లేకపోయింది. మరుసటి ఏడు నేను మళ్లీ అడిగితే కోర్సులో వయసు దాటినవాళ్లకు సీటు లేదన్నారు. నేను ఇప్పటికీ కబడ్డీ మాస్టర్నే. పక్క గుట్ట ఇప్పుడు లేదు, అక్కడ నీళ్లు నిలిచిన గొయ్యి ఉంది, దానికి కూడా బోర్డు లేదు. ఆ తొవ్వన పోతుంటే నాకు ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి. క్షమించాలని ఇతరులకు చెబుతుంటాను, ఆ గొయ్యి దగ్గర మాత్రం నా నోరు పెగలదు.

ఇప్పుడు అప్పుడప్పుడు మందిరంలో వాక్యం చెప్పే వంతు నాకూ వస్తుంది. మాటలు కుదురుగా వస్తున్నాయి, ముందు బెంచీలవాళ్లు తలలూపుతారు, అయ్యగారు భుజం తడతాడు. కానీ చెబుతూ చెబుతూ ఒక్కోసారి ఆ పిల్లగాడు గుర్తొస్తాడు. ఎండలో గుండు మీద నిలబడి, మెడ నరాలు ఉబ్బగా, కింద గాలి ఉంది, ఒక్క అడుగు వెయ్యి అని ఒక పక్షి మీద మండిపడుతున్న ఇరవై మూడేళ్లవాడు. నవ్వొస్తుంది. మాట మధ్యలో ఆగిపోయి నీళ్లు తాగుతాను. వాడు చెప్పినంత నమ్మకంగా నేను మళ్లీ ఎవరికీ చెప్పలేకపోయాను.